పద్నాలుగు సెకన్ల ఉరుకుడు

పేట ముచ్చట్లు



ఈ నెల ముచ్చట ఒక ఉరుకుడు పందెం గురించి. 2024 ఆగస్టు 30న పారిస్ పట్నంలో పారాలింపిక్స్ జరుగుతుండగా ఆడపిల్లల 100 మీటర్ల పందెం ఒకటి నడిచింది. దాని పేరు టీ35. ఆ పందెంలో ప్రీతి పాల్ అనే మన దేశపు పిల్ల 14.21 సెకన్లలో గీత దాటి మూడో స్థానంలో వచ్చింది. ఉరుకుడు పందెంలో మన దేశానికి పారాలింపిక్స్ లో వచ్చిన మొట్టమొదటి పతకం అదే. అంతకు ముందు ఈటె, గుండు, చక్రం విసిరినవాళ్లకు, ఎత్తు దూకినవాళ్లకు వచ్చినయి కాని, ట్రాక్ మీద ఉరికినవాళ్లకు ఎవ్వరికి రాలేదు. రెండు రోజులకు, సెప్టెంబరు 1న, 200 మీటర్లలో కూడా ఆమెనే 30.01 సెకన్లలో వచ్చి ఇంకో కంచు పతకం తెచ్చుకున్నది.

ఈ పిల్లది ఉత్తరప్రదేశ్. రైతు కుటుంబం. సెరిబ్రల్ పాల్సీ ఉన్నది. పుట్టిన ఆరో రోజుకే కాళ్లకు ప్లాస్టర్ వేసిన్రు. అయిదేండ్ల నుండి కాళ్లకు ఇనుప పట్టీలు, అంటే కాలిపర్లు, ఎనిమిదేండ్ల పాటు మోసింది. పదిహేడేండ్లప్పుడు ఫోనులో పారాలింపిక్స్ బొమ్మలు చూసి, మా వంటివాళ్లకు కూడా ఉరుకుడు ఉంటదా అని తెలుసుకున్నది. ఫాతిమా ఖాతూన్ అనే ఇంకో పారా క్రీడాకారిణి దారి చూపింది. తర్వాత ఢిల్లీకి పోయి గజేంద్ర సింగ్ అనే కోచ్ దగ్గర నేర్చుకున్నది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా ఆటల్లో పతకం రాలేదు. మరుసటి ఏడు జపాన్ లోని కోబేలో ప్రపంచ పోటీల్లో రెండు కంచు పతకాలు, ఆ తర్వాత పారిస్ లో రెండు. 2025లో మన ఢిల్లీలోనే ప్రపంచ పోటీలు జరిగితే 100 మీటర్లలో వెండి, 200లో కంచు.

ఇదంతా ఎందుకు రాస్తున్న అంటే, మన పేటలో ఒక తల్లి నన్ను ఒక మాట అడిగింది. ఆమె పేరు రాయను, ఇల్లు చెప్పను, గల్లీ కూడ చెప్పను. పగలంతా బీడీలు చుడుతది. పెనిమిటి సాంచెల మీద రాత్రి పాళీ. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి పదకొండేండ్లు. ఆ పిల్ల మునివేళ్ల మీద నడుస్తది, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతయి. బడిలో ఆటల దినం వచ్చినప్పుడు ఆమెను నీళ్ల బకెట్ కాడ కూచోబెట్టి గ్లాసులు అందియ్యమన్నరట. పిల్ల ఇంటికొచ్చి, “అమ్మా, నేను కూడ ఉరుకుత. నా అసొంటోళ్లకు పందెం ఉన్నదంట, ఫోనులో చూసిన” అన్నదట. తల్లి నా దగ్గరికొచ్చి, “కాకా, నువ్వు పేపర్లు చదువుతవు కద, ఇది నిజమేనా? ఉరికితే కాళ్లు ఇంకింత పాడైతయా?” అని అడిగింది.

నేను చదివింది నాలుగో తరగతి దాకా. కాని ముప్పయి ఏండ్లు మగ్గాల మధ్య పని చేసినోణ్ణి. ఒక యంత్రం ఎందుకు ఆగింది, ఎక్కడ బిగిసింది అని చూసుడు నాకు అలవాటు. అందుకే తెలిసిన ఫిజియోథెరపీ డాక్టరమ్మను అడిగిన, మనుమని ఫోనులో పందేలు చూసిన, తెలుసుకున్నంత ఇక్కడ చెప్తున్న. ఆ తల్లికి చెప్పిందే మీకూ చెప్తున్న. ఇటువంటి పిల్లలు మన ప్రతి పేటలో ఉన్నరు.

మొదటి సంగతి. ఈ జబ్బు కాళ్లది కాదు, చేతులది కాదు. మెదడులో కదలికలను నడిపించే జాగ ఒకటి ఉంటది. పిల్ల కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలో ఊపిరి అందకనో, నెలలు నిండక పుట్టినందుకో, పుట్టినంక కామెర్లు బాగా ముదిరినందుకో, మెదడువాపు వంటి జబ్బు వచ్చినందుకో ఆ జాగకు దెబ్బ తగులుతది. ఆ దెబ్బ ఒక్కసారి తగిలేదే, ఏటేటా పెరిగేది కాదు. కాని కండరాలకు మెదడు పంపే హుకుం సరిగ పోదు. కొందరికి కండరాలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటయి. కొందరికి తమ ప్రమేయం లేకుంటనే చేతులు కాళ్లు మెలికలు తిరుగుతయి. కొందరికి తూకం దొరకదు.

మన భాషలో చెప్పాలంటే, నూలు మంచిదే, మగ్గం మంచిదే, కాని పడుగు బిగువు సరిగ లేదు. పడుగు ఎక్కువ బిగిస్తే ఏమైతది? పోగులు పట్ పట్ తెగుతయి, నాడె సాఫుగ పోదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్ల కాళ్లు అట్లనే. భయపడ్డప్పుడు, చలిలో, అలిసిపోయినప్పుడు ఆ బిగువు ఇంకా పెరుగుతది. మనం “సక్కగ నడువు” అని అరిస్తే ఇంకింత బిగుసుకుంటది. అరిచినంత మాత్రాన మగ్గం సక్కగ నడిచిందా ఎన్నడైన?

రెండో సంగతి. ఇది పిచ్చి కాదు. మాట తడబడితే, నోట్లోంచి లాలాజలం కారితే, మనవాళ్లు “దిమాగు లేదు” అంటరు. కొందరు పిల్లలకు బుద్ధి వికాసంలో కూడ ఇబ్బంది ఉండొచ్చు, అది వేరే. కాని చాలా మందికి తెలివి అందరి లాగనే ఉంటది. లోపల మాట తయారుగ ఉంటది, నోటి కండరం దాన్ని బయటికి తెచ్చేసరికి ఆలస్యమైతది. మనం ఆగి వినాలె, అంతే.

ఇక పందెం సంగతి. అందరినీ ఒక్క గీత మీద నిలబెడితే అది పందెం కాదు. మిల్లులో పనిచేసినవాళ్లకు ఈ మాట సులువుగ అర్థమైతది. 20 నంబరు నూలు వడికేవానికి, 40 నంబరు నూలు వడికేవానికి ఒక్కటే తూకం పెట్టి “నీది తక్కువ” అంటే మనం ఒప్పుకునేవాళ్లమా? ఏ నంబరుకు ఆ నంబరు లెక్క ఉండె. ఇక్కడ కూడ అట్లనే నంబర్లు ఉన్నయి. ట్రాక్ పందెమైతే ముందు టీ అని రాస్తరు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు, తలకు దెబ్బ తగిలి అటువంటి ఇబ్బందే వచ్చినవాళ్లకు 31 నుండి 38 దాకా నంబర్లు. 31 నుండి 34 దాకా చక్రాల కుర్చీ మీద పోటీ పడేవాళ్లవి. 35 నుండి 38 దాకా కాళ్ల మీద ఉరికేవాళ్లవి. నంబరు చిన్నదైనకొద్దీ ఇబ్బంది ఎక్కువ అన్నట్టు.

టీ35లో రెండు కాళ్లకూ బిగువు బాగా ఉంటది, అడుగు పొట్టిగ పడుతది. టీ36లో తూకం తప్పుడు, కండరాలు వాటంతట అవే కదులుడు ఉంటది. టీ37లో శరీరం ఒక పక్క మాత్రమే బిగుసుకుని ఉంటది, ఇంకో పక్క మంచిగ ఉంటది. వాళ్లు ఉరికేటప్పుడు ఒక చెయ్యి ఊగుతది, ఇంకోటి ఛాతీకి అతుక్కొని ఉంటది. టీ38లో ఇబ్బంది తక్కువ, మామూలుగ చూస్తే కొన్నిసార్లు కనపడదు కూడ.

ఈ నంబరు ఎవరు ఇస్తరు? మన ఇష్టం కాదు. దానికి శిక్షణ పొందిన పరీక్షకులు ఉంటరు. ముందు మంచం మీద పండబెట్టి కాళ్లు చేతులు వంచి బిగువు చూస్తరు. తర్వాత నడిపిస్తరు, ఉరికిస్తరు. ఆ తర్వాత అసలు పందెంలో కూడ కన్నేసి చూస్తరు. కావాలని కుంటుతూ నాటకమాడి చిన్న నంబరు తీసుకుంటే అది మోసం, పోటీల నుంచి బయటికి పంపిస్తరు. పెద్దయినకొద్దీ శరీరం మారుతది కాబట్టి కొందరిని మళ్లీ పరీక్షిస్తరు, నంబరు మారొచ్చు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. సర్కారు ఇచ్చే అంగవైకల్యం సర్టిఫికెట్ మీద ఉండే నూటికి ఇంత అనే లెక్క వేరు, ఆటల నంబరు వేరు. సర్టిఫికెట్ మీద ఎక్కువ శాతం ఉన్నంత మాత్రాన ఆటలో ఏ నంబరో చెప్పలేము.

“కాకా, పాపం అని పతకం ఇస్తరేమో” అని ఒక తమ్ముడు నాతో అన్నడు. ఆ పారిస్ పందెమే చూడండి. మొదట వచ్చిన చైనా పిల్ల ఝౌ షియా 13.58 సెకన్లు. రెండోది కూడ చైనానే, గువో చియాన్‌చియాన్, 13.74. ఝౌ షియా 2016లో రియోలో, టోక్యోలో, పారిస్ లో మూడుసార్లూ 100, 200 రెండింట్లో బంగారం తీసుకున్నది. ఆమెను దాటాలని మన పిల్ల ఏండ్లకు ఏండ్లు చెమట కారుస్తున్నది. దాంట్లో పాపం ఎక్కడున్నది? ఇంకొకటి వినండి. 2012 లండన్ లో టీ38 మగవాళ్ల 100 మీటర్లను ఆస్ట్రేలియా దేశపు ఇవాన్ ఒహాన్లన్ 10.79 సెకన్లలో ఉరికిండు. మన పేటలో ఏ జబ్బూ లేని గట్టి పోరగాళ్లను పది మందిని నిలబెట్టుండి, ఒక్కడు ఆ లెక్కకు దగ్గరికి రాడు.

ఈ పందేలు నిన్న మొన్నటివి కూడ కావు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు మొదటిసారి పారాలింపిక్స్ కు వచ్చింది 1980లో, నెదర్లాండ్స్ దేశంలోని ఆర్నెమ్ ఊళ్లో. మనకు ఆ కబురు ఇంత ఆలస్యంగ అందింది.

వాళ్లకు పందెంలో కష్టం ఎక్కడ అంటే, మొదలుపెట్టుడు కాడ. తుపాకీ చప్పుడు వినగానే దిగ్గున లేవాలె. కాని ఆ చప్పుడుకే కండరాలు ఉలిక్కిపడి బిగుసుకుంటయి. అందుకే కాళ్ల కింద పెట్టే బ్లాకు వీళ్లకు తప్పనిసరి కాదు, వంగి కాకుండ నిలబడి మొదలుపెట్టొచ్చు. 200 మీటర్లలో మలుపు ఇంకో కష్టం. ఒక పక్కకు ఒరిగి ఉరకాలె, తూకం తప్పితే పడుడే. అందుకే సాధనలో ఎక్కువ భాగం ఉరుకుడు కాదు. కండరాలు మెల్లగ సాగదీసుడు, నడుముకు తొడలకు బలం పెంచుడు, తూకం నేర్చుకునుడు, బాగా ఒళ్లు వేడి చేసుకునుడు. ఆ తర్వాతనే ఉరుకుడు.

కాళ్లు ఇంకింత పాడైతయా అని ఆ తల్లి అడిగింది కద. బలం పెంచే కసరత్తు చేస్తే బిగువు పెరుగుతదని పాతకాలంలో డాక్టర్లు కూడ భయపడేవాళ్లట. అట్ల కాదని ఇప్పుడు తేలింది. పద్ధతిగ చేస్తే బలం వస్తది, నడక కూడ మెరుగైతది. ఊరికె కూచోబెడితేనే కండరాలు కురచబారుతయి, కీళ్లు గడ్డకడుతయి. అయితే మూడు సంగతులు చూసుకోవాలె. ఒకటి, ఈ పిల్లల్లో తుంటి కీలు జారే ప్రమాదం ఉంటది, ముందే డాక్టరుతో చూపించుకోవాలె. రెండు, కొందరికి ఫిట్స్ ఉంటయి, మందు మాననే వద్దు. మూడు, నొప్పి వస్తే ఆగాలె. ఇవి చూసుకొని, ఫిజియోథెరపీ వాళ్లు చెప్పినట్టు మొదలుపెడితే ఉరుకుడుతో నష్టం లేదు.

సొంతంగ నిలబడలేని పిల్లలకు కూడ ఒక పందెం వచ్చింది. మూడు చక్రాల చట్రం ఉంటది, సైకిల్ తీరుగ, కాని తొక్కే పెడల్ ఉండదు. మధ్యలో సీటు మీద ఆనుకొని, ఛాతీకి ఆసరా పెట్టుకొని, కాళ్లతో నేలను తంతూ ఉరుకుతరు. ఫ్రేమ్ రన్నింగ్ అంటరు. డెన్మార్క్ లో మొదలైంది. ఇప్పుడు ప్రపంచ పారా పోటీల్లో టీ71, టీ72 అని నంబర్లు కూడ ఇచ్చిన్రు. ఏనాడూ తన కాళ్ల మీద వేగం ఎరుగని పిల్ల, ముఖానికి గాలి తగిలేటట్టు ఉరుకుతదంటే ఎంత మాట!

మన తాతలు ఏ వరంగల్లు, కరీంనగరం, నల్లగొండల నుంచో బతుకుతెరువుకు షోలాపూర్ వచ్చిన్రు. ఆ వరంగల్లు జిల్లాలోనే కల్లెడ అనే ఊరున్నది. ఆ ఊరి పిల్ల జీవాంజి దీప్తి. కూలి చేసుకునే తల్లిదండ్రులు. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు ఆమెను చూసి అనరాని మాటలు అన్నరు. నాగపురి రమేశ్ అనే కోచ్ కంట్లో పడ్డది. 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి బంగారం గెలిచింది, అది అప్పటి ప్రపంచ రికార్డు. పారిస్ లో 55.82తో కంచు తెచ్చింది. దీప్తిది టీ20 నంబరు, అంటే బుద్ధి వికాసంలో ఇబ్బంది ఉన్నవాళ్లది. సెరిబ్రల్ పాల్సీ కాదు. రెండూ ఒకటే అనుకొని కలపొద్దు. కాని ఊరి మాటలు మాత్రం రెండిండ్లలో ఒక్క తీరుగనే ఉంటయి. మన మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మురళీకాంత్ పేట్కర్ ను తలుచుకోండి. యుద్ధంలో తూటాలు తగిలిన సిపాయి, 1972లో జర్మనీలో ఈతలో బంగారం గెలిచిండు. పారాలింపిక్స్ లో మన దేశానికి మొదటి బంగారం అదే. మన పక్క జిల్లా మనిషి.

ఇక చేయవలసిన పని చెప్తా.

చిన్న పిల్లలున్నవాళ్లు ముందు వినండి. నాలుగైదు నెలలకు కూడ మెడ నిలవకుంటే, తొమ్మిది నెలలకు కూచోకుంటే, పిడికిలి ఎప్పుడూ మూసుకునే ఉంటే, ఏడాది లోపలనే ఒక్క చెయ్యే వాడుతూ ఇంకోటి ముట్టకుంటే, “మా వంశంలో ఆలస్యమే” అని కూచోకండి. డాక్టరుకు చూపించండి. పుట్టిన బిడ్డ బాగా పచ్చబడితే ఎండలో పండబెట్టి ఊరుకోకండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకపోండి. ఎంత తొందరగ మొదలుపెడితే అంత మంచిగ ఉంటది. జిల్లా స్థాయిలో పిల్లల కోసం సర్కారు పెట్టిన ముందస్తు చికిత్స కేంద్రాలున్నయి, డీఈఐసీ అంటరు. అంగన్‌వాడీ బాయిని అడిగితే చెప్తది. మూలికలు, తాయెత్తులు, లక్షలు తీసుకొని పూర్తిగ నయం చేస్తమనే సూదులు, వీటికి ఇల్లు కుదువ పెట్టకండి. మెదడుకు తగిలిన దెబ్బను మాన్పే మందు లేదు. కసరత్తు, పట్టీలు, అవసరమైతే ఆపరేషను, ఓపిక. ఇవే పనిచేసేవి.

పెద్ద పిల్లలుంటే సర్టిఫికెట్ తీయండి. ఇప్పుడు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు ఇస్తున్నరు. సివిల్ ఆస్పత్రిలో పరీక్ష జరుగుతది. నూటికి 40 లేక అంతకు ఎక్కువ వస్తే చాలా సౌలతులుంటయి. 6 నుండి 18 ఏండ్ల దాకా చదువు ఉచితం, సర్కారు నౌకరీల్లో నూటికి 4, పెద్ద చదువుల్లో నూటికి 5 సీట్లు. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అనే బీమా ఉన్నది, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా, దాంట్లో థెరపీ ఖర్చు కూడ వస్తది.

బడి సంగతి. 2016 చట్టంలో 16వ కలం సాఫుగ చెప్తున్నది: అంగవైకల్యం ఉన్న పిల్లలను భేదం లేకుండ చేర్చుకోవాలె, చదువుతోపాటు ఆటల్లో కూడ మిగతా పిల్లలతో సమానంగ అవకాశం ఇయ్యాలె. ఆటలు కూడ అని రాసి ఉన్నది. కాబట్టి “పడితే ఎవరు జవాబుదారీ?” అని మాస్తరు అడిగితే కొట్లాటకు పోవద్దు. ఈ కలం కాగితం మీద రాసుకొని పోయి, పిల్లకు ఎవరితో పందెం పెడతరు, ఎంత దూరం పెడతరు, పక్కన ఎవరుంటరు అని అడగండి. నీళ్లు అందిచ్చుడు మంచి పనే, కాని అది ఆట కాదు. తర్వాత జిల్లాలో, రాష్ట్రంలో పారా క్రీడల పోటీలు ఎప్పుడు జరుగుతయో జిల్లా క్రీడా ఆఫీసులో అడగండి. రాష్ట్ర పోటీల నుంచే పిల్లలు పైకి పోతరు.

ఇంతదాక ఆ తల్లికి చెప్పిన. ఆమె అంతా విన్నది. విన్నంక కొంగు మూతికి అడ్డం పెట్టుకొని అసలు మాట చెప్పింది. “కాకా, సర్టిఫికెట్ తీస్తే పేటంతా తెలుస్తది. మైదానంలో ఉరికితే ఇంకా అందరు చూస్తరు. పెద్దదానికి సంబంధం చూస్తున్నం. చెల్లె ఇట్లున్నదని తెలిస్తే ఎవరొస్తరు?”

ఆ మాటకు నేను నవ్వలేదు, కోప్పడలేదు. ఆమె భయం ఉట్టిది కాదు. మన పేటల్లో సంబంధాలు అట్లనే తప్పిపోయినయి, నేను చూసిన. వచ్చినవాళ్లు చాయ తాగి, లోపలి గదిలో ఎవరో ఉన్నరని పసిగట్టి, ఇంటికి పోయి “మీ పిల్ల జాతకం కుదరలేదు” అని కబురు పంపుతరు. ఒక పిల్ల ఉరకాలంటే ఇంకో పిల్ల పెండ్లి ఆగాల్నా అని ఆ తల్లి తూకం వేస్తున్నది. ఆ తూకం ఆమె చేతిలో పెట్టింది మనమే.

కాబట్టి ఇప్పుడు చెప్పే మాట ఆ తల్లికి కాదు. కొడుకులకు పిల్లను చూడబోయే మీకు.

సెరిబ్రల్ పాల్సీ అంటువ్యాధి కాదు. చాలా మటుకు వంశంలో నడిచేది కూడ కాదు. కాన్పులో ఊపిరి అందకనో, కామెర్లకో, నెలలు నిండకనో వచ్చిన దెబ్బ అది. అక్క కడుపున పుట్టే బిడ్డకు చెల్లె జబ్బు వస్తదని భయపడేదానికి ఆధారం లేదు. అనుమానం ఉంటే డాక్టరును అడగండి, జాతకం చెప్పేవాణ్ణి కాదు. ఇంకొకటి కూడ ఆలోచించండి. చెల్లెకు చిన్నప్పటి నుండి కాళ్లు సాగదీసి, పట్టీ కట్టి, ఎత్తుకొని బడికి తీసుకపోయిన అక్క ఎటువంటి కోడలైతదో లెక్క వేసుకోండి. ముసలితనంలో మన కాళ్లు బిగుసుకున్నప్పుడు మనకు అటువంటి మనిషే కావాలె.

మార్కండేయ రథం కాడ అందరం భుజం భుజం కలిపి నిలబడుతం. సమ్మె దినాల్లో ఒకరి పొయ్యి ఆరితే ఇంకొకరు జొన్నలు పంపిన పేట మనది. మిల్లు మూతపడ్డప్పుడు ఎవరినీ ఇంట్లో దాచిపెట్టలేదు, అందరం రోడ్డు మీదికి వచ్చినం. మరి ఒక పిల్ల కాళ్లు వంకరగ పడుతున్నయని ఆమెను లోపలి గదిలో ఎందుకు దాస్తున్నం?

ఆ పెద్ద పిల్లను చూసేదానికి వచ్చే నెలలో ఒకరు వస్తున్నరట. తల్లి ఇంకా సర్టిఫికెట్ సంగతి ఒప్పుకోలేదు. చిన్నది మాత్రం పొద్దున్నే లేచి గోడ పట్టుకొని డాక్టరమ్మ చెప్పినట్టు పిక్కలు సాగదీసుకుంటున్నది. అక్క పక్కన నిలబడి లెక్కపెడుతున్నది.

వచ్చేవాళ్లు మన మాసపత్రిక చదివేవాళ్లే అయి ఉంటరు. చాయ తాగినంక, చిన్నదాన్ని కూడ పిలవండి అని మీరే అడగండి. ఎంత దూరం ఉరుకుతవు బిడ్డా అని అడగండి. ఆ ఒక్క మాటతో ఆ ఇంటి తలుపు తెరుచుకుంటది.

ఇట్ల పిల్లలున్న ఇండ్లు ఇంకా ఉంటే వాచనాలయంలో ఆదివారం పొద్దున నా దగ్గరికి రండి. దరఖాస్తు కాగితాలు నింపేదానికి చదువుకున్న పిల్లలు ఇద్దరు కూచుంటమన్నరు. పేరు బయటికి రాదు. వచ్చే నెల మళ్లీ కలుద్దాం.